ఐదో నెంబరు పైపు

మా బావకు ఎడమ చేతికి చూపుడు వేలు లేదు. సంతలో కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే "ముల్లు గుచ్చుకుంది" అంటాడు. ముల్లు గుచ్చుకుంటే వేలు పోతుందా అని వాళ్లు నా వైపు చూస్తారు. నేను అసలు సంగతి చెప్పబోతే బావ నవ్వి, "అబ్బ, నీ పాఠం మళ్లీ మొదలెట్టకు" అని చెట్టు కిందికి పోయి కూర్చుంటాడు.

ఈ పుస్తకం వేస్తున్న సార్లు నన్ను ఏదైనా రాయమన్నప్పుడు భూమి పండగ గురించి రాయమన్నారు, లేదా మన కోయ పాటల గురించి. వాటి గురించి నాకంటే తెలిసినవాళ్లు ఇందులోనే రాస్తున్నారు. నేను లారీ మెకానిక్‌ని. నాకు బాగా తెలిసింది పంపు నుంచి ఇంజిన్‌కు డీజిల్ మోసే పైపు. ఆ పైపు వల్లే మా బావ వేలు పోయింది. అందుకని దాని గురించే రాస్తున్నాను. రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సార్లు దిద్దుకోండి.

2009 ఎండాకాలం. పదో తరగతి పరీక్షలు రాసేసి ఆశ్రమ పాఠశాల నుంచి పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాను. బావ అప్పటికే నాలుగేళ్లుగా లారీ మీద క్లీనరు. సెలవుల్లో ఇంట్లో ఉండి ఏం చేస్తావు, రా, నాలుగు ఊళ్లు చూద్దువు గాని అని నన్నూ ఎక్కించుకున్నాడు. చింతూరు వైపు నుంచి వెదురు లోడు వేసుకుని రాజమండ్రి దాకా వెళ్లే లారీ అది. అప్పుడు మా చింతూరు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో తూర్పు గోదావరిలో కలిపారు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. జిల్లా కేంద్రం పేరు మారినప్పుడల్లా మాకు కాగితాలు మారాయి గాని తులసిపాక దాటాక వచ్చే ఘాట్ మాత్రం అదే ఘాట్, అవే మలుపులు.

ఆ రోజు సాయంత్రం లోడుతో ఆ ఘాట్ ఎక్కుతుంటే బండి మిస్ కొట్టడం మొదలైంది. ఆరు సిలిండర్ల ఇంజిన్. ఒక సిలిండరు పని మానేస్తే వినేవాడికి తెలిసిపోతుంది. కుంటివాడు నడిచినట్టు శబ్దంలో ఒక అడుగు తగ్గుతుంది. వెనక తెల్లటి పొగ, క్యాబిన్లో డీజిల్ వాసన. డ్రైవరు బండి పక్కకు తీశాడు. మేం చక్రాల కింద రాళ్లు పెట్టాం. బోనెట్ ఎత్తితే పంపు పక్కనంతా డీజిల్ తడి. ఎక్కడినుంచి వస్తోందో కనిపించడం లేదు. చీకటి పడుతోంది.

"ఒరేయ్, నేను రేస్ చేస్తా, నువ్వు చెయ్యి పెట్టి చూడు" అన్నాడు డ్రైవరు.

చెడ్డవాడేం కాదు ఆయన. తనకు తన గురువు నేర్పింది అదే. ఇంజిన్ తిరుగుతుండగా బావ టార్చి నాకిచ్చి, ఎడమచేతి వేలిని ఒక్కో పైపు వెంబడి జరుపుకుంటూ పోయాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో పైపు మీద నట్టు దగ్గరికి రాగానే చెయ్యి లాక్కున్నాడు.

"ఏంటి బావా?"

"ఏం లేదు, ముల్లు గుచ్చినట్టయింది. ఇక్కడే రా లీకు."

టార్చి వెలుగులో వేలు చూశాం. గోరు కింది కణుపు మీద ఎర్రగా ఒక చుక్క. రక్తం లేదు. నొప్పి కూడా పెద్దగా లేదన్నాడు. పైపు పగిలిన చోట సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి, పైన బైండింగ్ వైరు కట్టి, మెల్లగా మారేడుమిల్లి చేరాం. దారిలో బావ పాటలు కూడా పాడాడు.

రాత్రి పన్నెండు దాటాక వేలు బిగుసుకుని ఉబ్బింది. తెల్లారేసరికి అది వేలులా లేదు. తెల్లగా, చల్లగా, గట్టిగా ఉంది. దారిలో ఒక ఆసుపత్రికి వెళ్లాం. "ఏమైంది?" అని అడిగితే బావ "ముల్లు గుచ్చింది" అన్నాడు. ఒక ఇంజక్షన్ వేసి, మాత్రలిచ్చి పంపేశారు. నేను పక్కనే ఉన్నాను. పదో తరగతి రాసినవాణ్ణి. నేనూ ముల్లనే అనుకున్నాను. అడవిలో పుట్టినవాళ్లం, ముల్లు అంటే మాకు భయమా? మూడో రోజుకు వేలు నల్లబడింది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ మొదటిసారి సరైన ప్రశ్న అడిగింది: "గుచ్చుకునేటప్పుడు ఏం పని చేస్తున్నావు?" బావ చెప్పాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. "మొదటి రోజే ఈ మాట చెప్పి ఉంటే" అంది. ఆ మధ్యాహ్నమే వేలు తీసేశారు.

ఆ డ్రైవరు మీద గాని, మొదటి ఆసుపత్రివాళ్ల మీద గాని నాకిప్పుడు కోపం లేదు. వాళ్లకు మేం చెప్పిన మాటే తప్పు. సరైన మాట మా దగ్గర లేదు.

తర్వాతి సంవత్సరం నేను చదువు ఆపేసి రాజమండ్రిలో లాలాచెరువు వైపు ఒక షెడ్డులో చేరాను. అందుకు ఇంట్లో కారణాలు వేరే ఉన్నాయి, అవిక్కడ వద్దు. మొదటి షెడ్డులో నా పేరు ఎవరికీ అక్కర్లేదు. "ఏయ్ ఏజెన్సీ, పదిహేడు పానా ఇయ్యి" అంతే. ఎందుకు అని అడిగితే "చెప్పింది చెయ్యి" అనేవాళ్లు. ఆరు నెలలు అలా గడిచాక డీజిల్ పంపులు బాగుచేసే ఇంకో షెడ్డుకు మారాను. అక్కడి మేస్త్రి అరవై ఏళ్ల పెద్దాయన, అందరూ భాయ్ అని పిలిచేవాళ్లు. ఆయనకొక జబ్బు ఉండేది, ఏది చేసినా కారణం చెప్పకుండా ఉండలేడు. వినేవాడు లేకపోతే పంపుతోనే మాట్లాడేవాడు.

ఒకరోజు నాజిల్ పరీక్షించే మిషన్ దగ్గర నన్ను నిలబెట్టాడు. చిన్న డబ్బా, ఒక మీటరు, చేత్తో నొక్కే కడ్డీ. కడ్డీ నొక్కుతుంటే ముల్లు పైకి పోతుంది. యాభై, వంద, నూట యాభై. రెండు వందల దగ్గర నాజిల్ కిర్రుమని, మంచులాగా డీజిల్ చిమ్మింది. ధారగా రాలేదు, చుక్కలుగా రాలేదు, పొగలాగా వచ్చింది. "బాగుంది కదూ?" అన్నాడు భాయ్. నేను ముచ్చటపడి చెయ్యి చాపబోయాను. ఆయన నా మణికట్టు మీద గట్టిగా కొట్టాడు. అంతవరకు ఎప్పుడూ కొట్టలేదు. తర్వాత అట్టముక్క ఒకటి తీసి నాజిల్‌కు దగ్గరగా పట్టుకుని కడ్డీ నొక్కాడు. అట్టను వెనక్కి తిప్పి చూపించాడు. వెనకవైపు కూడా తడి.

"లారీ టైరులో గాలి ఎంత? ఏడు, ఎనిమిది. ఆ టైరు పేలితే మనిషి ఎగిరిపోతాడు. ఇక్కడ రెండు వందలు. నీ తోలు ఈ అట్ట కంటే గట్టిదా?"

నేను బయటికి వెళ్లి టైర్ల కుప్ప మీద కూర్చున్నాను. ముల్లు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. బావ వేలిలోకి పోయింది డీజిల్. గుండుసూది మొనంత రంధ్రంలోంచి దూరి, లోపల నరాల వెంబడి, ఎముక వెంబడి పాకి, లోపలినుంచి వేలిని చంపింది. పైకి కనిపించింది ఎర్రటి చుక్క ఒక్కటే.

కాసేపటికి ఇంకోటి గుర్తొచ్చింది. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం. ఇది బడిలో నేను పాతికసార్లు రాశాను. పరీక్షలో వచ్చింది, మార్కులు కూడా పడ్డాయి. ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు చదివేవాళ్లకు పీడనం అనేది పుస్తకంలో మాత్రమే బతికే మాట. షెడ్డులో దాన్ని ప్రెషర్ అంటారు. ఈ రెండూ ఒకటే అని నాకు పదో తరగతి పాసైన ఏడాదిన్నర తర్వాత, టైర్ల కుప్ప మీద తెలిసింది. ఘాట్‌లో టార్చి పట్టుకుని నిలబడ్డ రోజున ఆ సూత్రం నాకు కంఠతా వచ్చు.

అందుకే ఇది చదివే మాస్టార్లకు చెబుతున్నాను. పీడనం పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్క వేయించండి. 200 బార్ అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద దాదాపు 200 కిలోల బరువు. అంటే గోరంత చోటు మీద నాలుగు సిమెంటు బస్తాలు. బండి నడుస్తున్నప్పుడు పైపులో అది ఇంకా పెరుగుతుంది. కొత్త లారీల్లో కామన్ రైల్ అనే పద్ధతి వచ్చింది, అందులో 1,600 బార్, ఆపైన కూడా ఉంటుంది. మన పిల్లల్లో చాలామంది లారీల మీదికో, ట్రాక్టర్ల మీదికో, బోరుబండ్ల మీదికో పోతారు. ఆ బండ్లన్నిటిలోనూ ఈ పైపు ఉంటుంది.

ఇక పైపు మార్చే పని. భాయ్ దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెబుతాను.

ముందు పైపు ఎందుకు పగిలిందో చూడాలి. ఆరు పైపుల్నీ కలిపి పట్టే క్లిప్పులు ఉంటాయి, లోపల రబ్బరుతో. ఎప్పుడో ఎవడో పైపు విప్పి క్లిప్పు మళ్లీ పెట్టడు. పారేస్తాడు. ఇక ఆ పైపు ఇంజిన్‌తో పాటు వణుకుతూనే ఉంటుంది. వణికి వణికి నట్టు దగ్గర, కోన్ మెడ దగ్గర వెంట్రుకంత చీలిక ఇస్తుంది. లేదా పక్క పైపుకు రాసుకుని అరిగిపోతుంది. మా బావ లారీలో ఐదో పైపుకు క్లిప్పు లేదు. ఆ సంగతి నాకిప్పటికీ గుర్తుంది, టార్చి పట్టుకున్నది నేనే గనక. రెండు బోల్టులూ, ఒక రబ్బరు ముక్కా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఇంజిన్ ఆపి చల్లారనివ్వాలి. వేడి మానిఫోల్డ్ మీద చిమ్మిన డీజిల్ అంటుకుంటుంది. తర్వాత కడగాలి. మనవాళ్లు ఇక్కడే తొందరపడతారు. నట్టు విప్పాక కడిగితే మట్టి లోపలికే పోతుంది, విప్పకముందే బ్రష్షు పెట్టి డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాలి. పంపు లోపల ప్లంజరుకూ, అది తిరిగే గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తలవెంట్రుక మందం అంతకు ఇరవై రెట్ల పైనే ఉంటుంది. కంటికి కనిపించని ఇసుక రేణువు చాలు, వేల రూపాయల పంపు గీతలు పడిపోతుంది. విప్పిన నోళ్లకు శుభ్రమైన ప్లాస్టిక్ మూతలు పెట్టాలి. బనియన్ వేస్టు కుక్కొద్దు, దాని పోగులు లోపలికి పోతాయి.

పంపు వైపు నట్టు విప్పేటప్పుడు రెండు పానాలు కావాలి. ఒకటి నట్టుకు, ఇంకొకటి దాని కింద ఉండే హోల్డరు కదలకుండా పట్టుకోవడానికి. ఒక్క పానాతో లాగితే హోల్డరు కూడా తిరిగి అక్కడ ఇంకో లీకు మొదలవుతుంది. మొదటి షెడ్డులో నేను అలాగే లాగి దెబ్బలు తిన్నాను. దెబ్బలు కొట్టారు గాని రెండో పానా సంగతి చెప్పలేదు.

పైపు చూడటానికి పెన్నంత లావుంటుంది. బయట దాదాపు ఆరు మిల్లీమీటర్లు, లోపల రంధ్రం రెండు మిల్లీమీటర్లు. మిగతాదంతా ఉక్కే. ఆరు పైపులూ ఆరు రకాలుగా వంగి ఉంటాయి. ఒకటి నేరుగా పోతుంది, ఒకటి చుట్టు తిరుగుతుంది. నేను మొదట్లో, దగ్గర సిలిండరుకు పొట్టి పైపు పెట్టొచ్చు కదా, ఈ మెలికలెందుకు అనుకునేవాణ్ణి. భాయ్ ఒక దారం ఇచ్చి ఆరింటినీ కొలవమన్నాడు. అన్నీ ఒకే పొడవు. పంపు తోసిన డీజిల్ నాజిల్ దాకా చేరడానికి పట్టే సమయం అన్నిటికీ సమానంగా ఉండాలని దగ్గరి పైపుకు కావాలనే మెలికలు వేస్తారట. ఒక్కో తోపుకు వెళ్లేది చుక్కో, చుక్కన్నరో. అది సరైన క్షణంలో పడాలి. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. ఆ వరసలో ఆరు సిలిండర్లూ కాలుతూ పోతాయి. అందుకే ఐదో పైపు దొరకలేదని వేరేదాన్ని వంచి పెట్టకూడదు. ఆ నెంబరు పైపే తేవాలి.

ఈ తెలివి ఎవరిదని అడిగితే భాయ్ కథలు చెప్పేవాడు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజిన్ నడిపించి చూపినప్పుడు ఈ పంపు లేదు, గాలి ఒత్తిడితో ఇంధనాన్ని ఊదేవాళ్లు. దానికో పెద్ద కంప్రెసరు కావాలి. బాష్ కంపెనీ 1927లో పంపులు పెద్ద ఎత్తున తయారు చేశాకే లారీలో పట్టే డీజిల్ ఇంజిన్ తేలికైంది. మన దేశంలో వాటిని చేసింది 1951లో బెంగళూరులో పెట్టిన మైకో. అందుకే ముసలి మేస్త్రీలు ఏ పంపునైనా మైకో పంపే అంటారు.

కొత్త పైపు బిగించేముందు లోపల గాలి ఊది చూడాలి. రెండు చివర్ల నట్లూ ముందు వేళ్లతోనే నాలుగు చుట్లు ఎక్కాలి. ఎక్కకపోతే పైపు వంకర ఉన్నట్టు, లేదా తప్పు పైపు తెచ్చినట్టు. పానాతో లాగి కూర్చోబెడితే కూర్చుంటుంది, కాని ఆ బిగువుతోనే నెల తిరక్కముందు మళ్లీ పగులుతుంది. బిగింపు కూడా అంతే. లీకు కాకూడదని పానాకు గొట్టం తగిలించి బిగించేవాళ్లను చూశాను. కోన్ నలిగి రంధ్రం సన్నబడుతుంది, ఆ సిలిండరుకు డీజిల్ చాలదు. ఎంత బిగించాలో ఇంజిన్ పుస్తకంలో రాసి ఉంటుంది, టార్క్ పానా ఉంటే దానితోనే బిగించండి.

తర్వాత గాలి తీయడం. డీజిల్ నలగదు, గాలి నలుగుతుంది. పైపులో బుడగ ఉంటే పంపు తోసిన తోపంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. చేతి ప్రైమరు కొట్టి, ఫిల్టరు దగ్గరి స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా పంపాలి. అప్పుడు నాజిల్ వైపు నట్టు ఒక చుట్టు వదులుగా ఉంచి సెల్ఫ్ కొడితే, నురగ పోయి శుభ్రమైన డీజిల్ ఉబికి వస్తుంది. ఆపేసి, నట్టు బిగించాలి. మొహం దూరంగా ఉండాలి, కళ్లద్దాలు ఉండాలి. ఇది పాత పంపు బండ్ల సంగతి. కామన్ రైల్ బండ్లలో ఇంజిన్ తిరుగుతుండగా నట్టు ముట్టుకోనేకూడదు. వాటిలో విప్పిన పైపును మళ్లీ వాడొద్దని చాలా కంపెనీల పుస్తకాల్లో రాసి ఉంటుంది.

క్లిప్పు మర్చిపోవద్దు. పాత రబ్బరు పోతే కొత్తది కొనండి, టీ ఖర్చు కంటే ఎక్కువేం కాదు.

లీకు చూడటం చివరి పని. ఇంజిన్ ఆపి తుడిచి, మళ్లీ స్టార్ట్ చేసి, పొడవాటి అట్టముక్కను పైపు వెంబడి దూరం నుంచి జరపాలి. లీకుంటే అట్ట మీద తడి గీత పడుతుంది. చెయ్యి, బట్ట, ఏదీ వద్దు. ఒకవేళ ఎవరికైనా తగిలితే, చుక్కంత గాయమే కదా, నొప్పి లేదు కదా అని ఒక్క గంట కూడా ఆగొద్దు. వేలిని నలపొద్దు, నొక్కొద్దు. ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రికే వెళ్లి, అడిగినా అడక్కపోయినా ఈ మాట చెప్పండి: "ప్రెషర్‌లో ఉన్న డీజిల్ చర్మం లోపలికి దూరింది." కొన్ని గంటల్లోపే కోసి కడగాల్సిన గాయం అది. ముల్లు అనొద్దు. మా షెడ్డు గోడ మీద ఈ వాక్యం పెయింటుతో రాయించాను. చదవడం రానివాళ్లకు నేనే కోయలో చెబుతాను. కోయలో డీజిల్‌కు మాట లేదు, ప్రెషర్‌కు లేదు. ఆ రెండూ అలాగే ఉంచి మిగతాది మన మాటల్లో చెబితే అందరికీ అర్థమవుతోంది.

నా షెడ్డు ఇప్పుడు చింతూరు దగ్గరే, రోడ్డు పక్కన. రేకుల కప్పు, ఒక కంప్రెసరు. పోయిన వేసవిలో జామాయిల్ కర్ర లోడుతో ఒక పాత లారీ మిస్ కొడుతూ వచ్చి ఆగింది. చూస్తే మళ్లీ అదే జబ్బు, క్లిప్పు లేని పైపు. ఈసారి మూడో నెంబరు. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, అంటే బావ కొడుకు, నా దగ్గరే ఉన్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. కడగడం దగ్గర్నుంచి వాడితోనే చేయించాను. నాకు అన్నం పట్టుకొచ్చిన బావ గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. వాడు రెండు పానాలు పట్టుకుని తంటాలు పడుతుంటే బావకు నవ్వు.

పైపు ఎక్కింది. గాలి తీశాం. డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ ఆరు అడుగులూ సరిగ్గా వేస్తోంది. బావ ఎప్పుడు లేచాడో చూడలేదు. బోనెట్ దగ్గరికొచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూనే, అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి పైపుల మీదికి చాపాడు.

"నాన్నా!" అని అరిచాడు వాడు.

బావ చెయ్యి ఆగింది. తన నాలుగు వేళ్లనూ తనే ఒకసారి చూసుకున్నాడు. వాడు అట్టముక్క తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. బావ దాన్ని దూరంగా పట్టుకుని మూడో పైపు వెంబడి, ఈ నట్టు నుంచి ఆ నట్టు దాకా మెల్లగా జరిపాడు. వెనక్కి తిప్పి రెండువైపులా చూశాడు.

"పొడిగానే ఉంది. రండి, అన్నం చల్లారిపోతోంది" అన్నాడు.